పొద్దుతిరుగుడు గింజలు: మా ఇంట్లో ఎవరికి పెడుతున్నాం, ఎవరికి ఆపేశాం

కొన్నేళ్లుగా మా ఇంట్లో ఈ గింజలు అయిపోకుండా కొంటూనే ఉన్నాం. మేమూ తింటాం, కుక్కా తింటుంది, వరండాలో ఉన్న లవ్ బర్డ్స్ కూడా తింటాయి. గింజల్లో విషమేమీ లేదు, ఆ భయం అక్కర్లేదు. కానీ కోనసీమలో ఉంటూ వీటిని తినేవాళ్లు ముందు చూడాల్సింది విటమిన్లు కాదు, వాసన.

పప్పు బరువులో సగం నూనే. అదీ గాలి, వేడి తగిలితే తొందరగా చెడిపోయే రకం. వానాకాలంలో అమలాపురంలో అప్పడాలే మెత్తబడిపోతాయి, ఇక ఇవెంత? చవగ్గా వస్తుందని కిలో ప్యాకెట్ తెస్తే సగానికి వచ్చేసరికి ముక్క వాసన కొడుతుంది. అందుకే పావుకిలో మించి కొనం, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతాం. చేదు తగిలినా, బూజు కనబడినా పారేయడమే. బూజు పట్టిన నూనెగింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టొచ్చు, అది కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. మనకి పనికిరాకపోతే కోళ్లకి వేసేద్దాం అనుకోవడం మన దగ్గర మామూలే. ఆ పని చేయకండి. కోళ్లకీ హానే, బాతులకైతే మరీ.

మనుషుల సంగతికొస్తే, పొట్టు తీసి ఉప్పు వేయనివే మేలు. గుప్పెడు, అంటే 30 గ్రాముల్లో, దాదాపు 175 కేలరీలు ఉంటాయి. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సిన 15 మిల్లీగ్రాముల విటమిన్ ఇ లో 10 వరకు అందులోనే వచ్చేస్తుంది. టీవీ చూస్తూ తింటే గుప్పెడు దగ్గర ఆగదు, అదీ చిక్కు. దోరగా వేయించి బీరకాయ పచ్చడిలో నువ్వులకి బదులు వేస్తాను. "నువ్వుల రుచి రాదే అమ్మాయ్" అంటారు మా అత్తగారు. నిజమే, రాదు.

మా పెదనాన్నగారికి మాత్రం కిడ్నీ డాక్టరు గారు మాన్పించేశారు. వీటిలో ఫాస్ఫరస్, పొటాషియం రెండూ ఎక్కువే. నాలుగేళ్లలోపు పిల్లలకి గింజలుగా ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి. పొట్టుతో నమిలి మింగితే ఆ పొట్టంతా పేగుల్లో ఉండకట్టి, డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సి రావచ్చు.

కుక్కకీ అంతే, పొట్టు వద్దు, ఉప్పూ కారమూ వద్దు. మా కుక్కకి ఎప్పుడైనా నాలుగైదు పలుకులు, అంతే. కొవ్వు ఎక్కువైతే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు, క్లోమం వాచే ప్రమాదమూ ఉంది. పిల్లికి వీటితో పనే లేదు, దానికి కావాల్సింది మాంసం.

అసలు జాగ్రత్త పడాల్సింది పక్షుల దగ్గర. పొట్టు అవే ఒలుచుకుంటాయి కాబట్టి ఆ బెంగ లేదు. కానీ గిన్నెలో ఇవి కనబడితే కొర్రలు ముట్టవు, ఏరుకుని ఇవే తింటాయి. రోజూ ఇవే పెడితే ఒళ్లు పెరిగి కాలేయానికి కొవ్వు పడుతుంది, విటమిన్ ఎ, కాల్షియం తగ్గిపోతాయి. మా ఇంట్లో కొర్రలు, తోటకూర, క్యారెట్ తురుము రోజువారీ తిండి, ఇవి అప్పుడప్పుడూ రెండేసి గింజలు. రామచిలుకకి పెట్టొచ్చా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే: దాన్ని పంజరంలో పెట్టడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

పందెం పుంజులకి బాదం పప్పు పెట్టే ఊళ్లు మనవి కాబట్టి కోళ్లకి కొన్ని వేస్తే ఎవరూ వింతగా చూడరు. మంచి గింజలైతే వేయొచ్చు, మేతలో కొంచెంగా. కానీ విత్తనాల షాపులో దొరికే, రంగు మందు పట్టించిన గింజలు నాటడానికే. కడిగినా సరే, అవి మనుషులకీ వద్దు, కోళ్లకీ వద్దు.