సస్పెండ్ నొక్కితే సేవ్ అయినట్టేనా? బోయింక్‌తో ఆరేళ్ళు

బోయింక్ అంటే మన కంప్యూటర్ ఖాళీ సమయాన్ని పరిశోధన ప్రాజెక్టుల లెక్కలకి ఇచ్చే ప్రోగ్రామ్. అందులో 68 శాతం దాటిన టాస్క్‌ని, అంటే ప్రాజెక్టు పంపిన లెక్కల ముక్కని, బుద్ధిగా సస్పెండ్ చేశాను. ఒక వీడియో కాల్ ఉంది, ఫ్యాన్ హోరు వినపడకూడదని. కాల్ అయ్యాక రెజ్యూమ్ నొక్కితే 11.3 శాతం అని చూపించింది. వేరే టాస్క్ వరస చూస్తున్నానేమో అనుకుని పేరు అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. అదే టాస్క్. ఆ వారం లాప్‌టాప్‌తో పనేమీ లేక నాలుగు రోజులు ఆపకుండా వదిలేస్తే కూడబెట్టిన లెక్క అది. పవర్ బటన్ పట్టుకుని నొక్కింది లేదు, ప్లగ్ పీకింది లేదు. సస్పెండ్ అని ఉన్న బటన్‌నే నొక్కాను.

ప్రాజెక్టు పేరు చెప్పను. వాళ్ళ సైన్సు మంచిదే, అప్లికేషన్ రాసినవాళ్ళూ కొద్దిమందే అయ్యుంటారు. కానీ ఆ మంట ఇంకా చల్లారలేదని మాత్రం ఒప్పుకుంటాను.

దీనికి పూర్తి వ్యతిరేకమైన అనుభవం అంతకు ఏడాది ముందే అయింది. గ్రహాంతర జీవుల సంకేతాలు వెతికే సెటీ@హోమ్ 2020 మార్చి 31 తర్వాత కొత్త పని పంపడం ఆపేశాక నేను పెద్ద సిమ్యులేషన్ల వైపు మళ్ళాను. సెటీలో ఒక్కో ముక్క కొన్ని గంటల్లో అయిపోయేది, మధ్యలో ఏం సేవ్ అవుతోందో పట్టించుకునే అవసరమే రాలేదు. వాతావరణాన్ని లెక్కకట్టే క్లైమేట్‌ప్రెడిక్షన్ ప్రాజెక్టు మోడల్ తీసుకున్నాక గానీ ఒకే టాస్క్ వారాల తరబడి నడుస్తుందని తెలియలేదు. మూడో వారంలో ఒక రాత్రి కరెంటు పోయింది. నా లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి మెషీన్ టక్కున ఆరిపోయింది. మూడు వారాల వాతావరణం గంగపాలు అనుకుంటూ పొద్దున్నే ఆన్ చేస్తే, పోయింది ఇరవై నిమిషాల పని. అంతే! కనపడినవాళ్ళందరికీ బోయింక్‌లో చేరమని చెప్పింది ఆ ఉత్సాహంలోనే. ఆపినా ఏం కాదు, అంతా అదే సేవ్ చేసుకుంటుంది అని కూడా చెప్పాను. ఆ రెండో ముక్కని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఎందుకంటే సేవ్ చేసేది బోయింక్ కాదు. ప్రాజెక్టు వాళ్ళ అప్లికేషన్. చెక్‌పాయింట్ (అప్పటిదాకా అయిన పనిని డిస్కులో దాచుకోవడం) రాయడానికి ఇది సమయమేనా అని అప్లికేషన్ మధ్యమధ్యలో అడుగుతుంది, క్లయింట్ (మన మెషీన్‌లో నడిచే బోయింక్ ప్రోగ్రామ్) ఔననో కాదనో చెబుతుంది, రాయడం పూర్తయ్యాక అప్లికేషన్ ఆ మాట తెలియజేస్తుంది. అసలు అడగనే అడగని అప్లికేషన్‌ని క్లయింట్ ఏమీ చేయలేదు. ప్రిఫరెన్సెస్‌లో 60 సెకన్లు అని కనపడే గడిని నేను ఏళ్ళ తరబడి తప్పుగా చదివాను. 60 సెకన్లకోసారి సేవ్ చేస్తుందని అనుకున్నాను. దాని అర్థం, ఒకసారి రాశాక 60 సెకన్లు కాకుండా మళ్ళీ డిస్కు జోలికి రావద్దని. అది పై హద్దే తప్ప హామీ కాదు. ఆ గడిలో 10 వేసినా, 600 వేసినా నా 68 శాతం దక్కేది కాదు. బోయింక్‌తో సంబంధం లేకుండా ప్రొటీన్ల మీద ఇలాంటి లెక్కలే చేసే ఫోల్డింగ్@హోమ్ పాత 7వ వెర్షన్‌లో చెక్‌పాయింట్‌కి 15 నిమిషాలని ఉండేది, 3 నుంచి 30 దాకా జరుపుకోవచ్చు. అలాంటి మీట ఇక్కడా ఉందని నా భ్రమ.

అప్లికేషన్ల వైపు నుంచి చూస్తే ఎక్కడ పడితే అక్కడ ఆపి రాయడం కుదరదు. అణువుల సిమ్యులేషన్ అయితే ఒక అడుగు లెక్క పూర్తయ్యాక ప్రతి అణువు స్థానం, వేగం, యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే యంత్రం ఏ స్థితిలో ఉందో, అన్నీ కలిపి ఒకే క్షణానివి రాయాలి. రాసేటప్పుడే కరెంటు పోతే పాతదీ కొత్తదీ రెండూ పోకుండా ముందు తాత్కాలిక ఫైల్లో రాసి, తర్వాత పేరు మార్చాలి. కష్టమే. నన్ను ముంచిన అప్లికేషన్ మాత్రం ఒక్కో దశ మొత్తం ముగిశాకే రాస్తుంది. మొదటి దశ 11.3 దగ్గర ముగిసింది, రెండోది ముగియనే లేదు. తెర మీద శాతం మాత్రం ఏమీ ఎరగనట్టు పెరుగుతూ పోయింది. ఇంకో తమాషా ఏమిటంటే, ఎంత పూర్తయిందో చెప్పని అప్లికేషన్లు కూడా కొన్ని ఉంటాయి. వాటికి గడిచిన సమయాన్ని బట్టి క్లయింటే ఒక అంచనా శాతం వేసి చూపిస్తుంది.

నిజం తెలియాలంటే టాస్క్‌ని ఎంచుకుని ప్రాపర్టీస్ నొక్కాలి. అందులో సీపీయూ టైమ్ కింద, చివరి చెక్‌పాయింట్ నుంచి ఎంత సీపీయూ టైమ్ అయిందో చూపే వరస ఒకటి ఉంటుంది. ఇప్పుడు ఆపితే పోయేది అంత. ఆ రోజు నేను అది చూసి ఉంటే అక్కడ మూడు రోజులకి పైగా కనపడేది. ఇప్పుడు కొత్త ప్రాజెక్టు ఏది తీసుకున్నా మొదటి టాస్క్‌కి ఈ వరసని నాలుగైదుసార్లు తెరిచి చూస్తాను. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కి చెక్‌పాయింట్ డీబగ్ అనే ఫ్లాగ్ పెట్టుకుంటే, రాసిన ప్రతిసారీ ఈవెంట్ లాగ్‌లో ఒక వాక్యం పడుతుంది. రాత్రి పడుకునే ముందు ఆ వాక్యం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఇంట్లోవాళ్ళకి వింతగానే ఉంది.

సస్పెండ్ చేసినప్పుడు టాస్క్‌ని మెమరీలోనే ఉంచమనే ఆప్షన్ ఒకటుంది. మామూలుగా టిక్ ఉండదు. దెబ్బ తగిలిన రోజే టిక్ పెట్టాను, ఇదొక్కటి చాలని నలుగురికీ చెప్పాను. చాలదు. మెషీన్ రీస్టార్ట్ అయిందా, మెమరీలో ఉన్నదంతా హరీ. పైగా నాది 8 జీబీ లాప్‌టాప్, పెద్ద మోడల్స్ రెండు నిద్రపోతూ మెమరీ అంతా ఆక్రమిస్తే బ్రౌజర్ నత్తనడక నడుస్తుంది. షట్‌డౌన్ బదులు హైబర్నేట్ నాకు ఎక్కువ పనికొచ్చింది, మెమరీని మొత్తంగా డిస్కు మీదకి దించేస్తుంది కాబట్టి. అదీ అర్ధరాత్రి అప్‌డేట్ వచ్చి రీస్టార్ట్ కొట్టేదాకానే.

డేటా ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పెట్టుకోవడం కూడా చేశాను. క్లయింట్‌ని పూర్తిగా ఆపాకే కాపీ చేయాలి, తెర మీద కనపడే మేనేజర్ విండో మూసేస్తే ఆగినట్టు కాదు. నెలల మోడల్ ఒక్కటే నడుస్తున్నప్పుడు ఈ ఓపిక పెట్టొచ్చు. చిన్న టాస్క్‌లు కలిసి ఉంటే, అప్పటికే తిప్పి పంపేసినవి పాత కాపీలోంచి మళ్ళీ లేచి కూర్చుంటాయి.

ఇంతా చెప్పి బోయింక్ వదిలేశానా అంటే లేదు. నా మెషీన్ ఖాళీగా ఉండేది రాత్రిళ్ళే, పగలు నా పనికి కావాలి. రోజుకోసారి ఆపక తప్పని నాలాంటివాళ్ళకి టాస్క్ ఎంత పెద్దదన్నదాని కంటే ఎంత తరచుగా సేవ్ అవుతుందన్నదే ముఖ్యం. క్లైమేట్‌ప్రెడిక్షన్ మోడల్స్‌తో నాకు కుదిరింది. టాస్క్ మధ్యమధ్యలో ట్రికిల్స్ (ఎంతవరకు వచ్చిందో చెప్పే చిన్న కబుర్లు) పంపుతూ ఉంటుంది, అక్కడిదాకా క్రెడిట్ (చేసిన పనికి పాయింట్లు) కూడా ఇచ్చేస్తారు. ఇరవైనాలుగు గంటలూ ఆన్‌లో ఉండే డెస్క్‌టాప్, దానికో మంచి యూపీఎస్ ఉన్నవాళ్ళకి నన్ను ముంచిన ప్రాజెక్టు కూడా నిక్షేపంగా నడవొచ్చు.

ఆ 11.3 శాతం టాస్క్‌ని మళ్ళీ మొదలుపెట్టాను, గడువు దాటిపోయింది. ఆ పని ఈపాటికి ఇంకెవరి మెషీన్‌కో వెళ్ళి ఉంటుంది. ప్రాజెక్టుని తీసేయలేదు గానీ, కొత్త టాస్క్‌లు వద్దని పెట్టిన గుర్తు ఇంకా అలాగే ఉంది.