పెట్టెకి ఎక్స్‌ట్రా బెడ్ చార్జి: విజయవాడ నుంచి లేహ్ దాకా సైకిల్‌తో

మనాలిలో మేం దిగిన లాడ్జి ఆయన నా సైకిల్ పెట్టెకి ఎక్స్‌ట్రా బెడ్ చార్జి వేశాడు. రోజుకి 500, రెండు రోజులకి 1,000. ఈ మాట ఎవరికి చెప్పినా పడీ పడీ నవ్వుతున్నారు. అందుకని అసలు ఆ పెట్టె ఎందుకు కొన్నానో, దాని వల్ల నాకు ఎంత వదిలిందో మొత్తం రాసేస్తున్నాను. విమానంలో సైకిల్ తీసుకెళ్దామనుకునే వాళ్లకి లెక్క తెలుస్తుంది, నా కడుపుమంటా కాస్త చల్లారుతుంది.

ఆగస్టు చివర్లో నేనూ, మా బావమరిదీ మనాలి నుంచి లేహ్‌కి సైకిళ్ల మీద వెళ్లాం. మామూలుగా మా తొక్కుడంతా ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి, మంగళగిరి, ఆదివారమైతే కొండపల్లి. అంతవరకూ సైకిల్‌ని విమానం ఎక్కించలేదు. గన్నవరం నుంచి ఢిల్లీ విమానం, అక్కడి నుంచి మనాలికి బస్సు, మనాలి నుంచి లేహ్ సైకిల్, తిరుగు ప్రయాణం లేహ్ నుంచే విమానం. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోలేదు.

సైకిల్ ప్యాకింగ్‌కి మూడు దారులున్నాయి. సైకిల్ షాపుల్లో కొత్త బండ్లు వచ్చే అట్టపెట్టె, లోపల స్పాంజి కుట్టిన బ్యాగు, గట్టి ప్లాస్టిక్ పెట్టె. సైకిల్ నాకు ప్రాణం కాబట్టి గట్టి పెట్టే కొనాలనుకున్నాను. హైదరాబాద్‌లో ట్రయథ్లాన్‌లు (ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీలు) చేసే ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 18,000కి దొరికింది. కింద నాలుగు చక్రాలు, పక్కన పెద్ద పెద్ద బకిల్స్, మీద ఏనుగెక్కినా పగలదన్నట్టు ఉంది. మా ఆవిడ దాన్ని హాల్లో చూసి, "బీరువా కొన్నారా?" అంది. ఆ తర్వాత రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు.

బావమరిది ఏలూరు రోడ్డులో ఒక సైకిల్ షాపుకి వెళ్లి 100 రూపాయలకి అట్టపెట్టె తెచ్చుకున్నాడు. ఏసీ రాగి గొట్టాలకి తొడుగుతారు చూడండి, నల్ల ఫోమ్ ట్యూబ్, అది ఏసీ సామాన్ల కొట్లో నాలుగు ముక్కలు కొని ఫ్రేమ్ గొట్టాలన్నిటికీ తొడిగాడు. బబుల్ ర్యాప్, టేపు, జిప్ టైలు అన్నీ కలిపి 420. వెనక గేర్లు మార్చే డిరెయిలర్‌ని ఊడదీసి, గుడ్డలో చుట్టి, ఫ్రేమ్ లోపలి వైపుకి కట్టేశాడు. ముందు చక్రం తీశాక ఫోర్క్ కాళ్ల మధ్య, కొత్త సైకిళ్లకి వచ్చే ప్లాస్టిక్ ముక్క బిగించాడు. డిస్క్ బ్రేకుల మధ్య మడిచిన అట్టముక్క పెట్టాడు (చక్రానికి ఉండే డిస్క్, అంటే రోటర్, మధ్యలో లేనప్పుడు పొరపాటున బ్రేక్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి మళ్లీ చక్రం ఎక్కదు). ఇవన్నీ నేను చెయ్యలేదు. పెడల్స్ తీశాను, చక్రాలు తీశాను, హ్యాండిల్ తిప్పాను, అంతే. డిరెయిలర్ జోలికి పోలేదు. గట్టి పెట్టె కదా అన్న ధీమా.

పెడల్స్ విషయం ఒక్క మాట. ఎడమ వైపు పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది. అది తెలియక పదిహేనో నంబరు పానా మీద నుంచొని బిగించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

పటమట నుంచి గన్నవరానికి మామూలు ఆటో పనికిరాదు, కారు డిక్కీలో పెట్టె పట్టదు. ట్రాలీ ఆటో 700. ముందు డ్రైవర్ పక్కన బావమరిది కూర్చున్నాడు, నేను వెనకాల పెట్టె పట్టుకుని నుంచున్నాను.

కౌంటర్ దగ్గర తూకం వేస్తే నాది 24.6 కిలోలు. ఇందులో సైకిల్ 11 పైచిలుకు, పెట్టె ఒక్కటే దాదాపు 12! అంటే ఖాళీ పెట్టెని మోయడానికే నా 15 కిలోల కోటాలో ముప్పాతిక పోయింది. మిగతాదాన్ని పది కిలోలుగా లెక్కేసి, కిలోకి 550 చొప్పున 5,500 కట్టించుకున్నారు. బావమరిదిది 15.4, ఆ నాలుగు వందల గ్రాములు అమ్మాయి వదిలేసింది. వాడు నా వైపు చూడకుండా పైన లైట్ల వైపు చూస్తూ నుంచున్నాడు.

స్కానింగ్‌లో నా పెట్టె ఆపారు. టైర్లలో గాలి కొట్టే చిన్న గ్యాస్ సిలిండర్, వేలెడంత ఉంటుంది, సీటు కింద సంచిలో మర్చిపోయాను. వాళ్లు మర్యాదగానే చెప్పారు, తీసేయమన్నారు, తీసేశాను. కానీ ఇంట్లో రెండు గంటలు సర్దిన పెట్టెని అక్కడ ఐదు నిమిషాల్లో మళ్లీ సర్దాలి, వెనక లైన్లో జనం, ఈలోపు కౌంటర్ అమ్మాయి "సర్, త్వరగా" అంటోంది. వెనక చక్రం ఎటు పెట్టానో గుర్తులేదు, ఎలాగో కుక్కి మూత వేశాను. సర్దిన పెట్టెని మూత వేసే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి, దాని ప్రింటు ఒకటి మూత లోపల అంటించండి. నాకు ఇది తర్వాత తట్టింది.

ఆ హడావిడిలోనే ఒక ట్యాగు మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాను. చదవలేదు. సామాను దెబ్బతింటే విమానం వాళ్లది బాధ్యత కాదని దాని అర్థం. సున్నితమైన సామాను అంటే చాలు ఈ ట్యాగు కడతారు. ఢిల్లీలో బెల్టు దగ్గరికి నా పెట్టె వచ్చేసరికి కింద ఒక చక్రం విరిగి ఉంది, ఒక బకిల్ లేదు. ఆ విమాన కంపెనీ డెస్కు దగ్గరికి వెళ్తే అక్కడున్నాయన పెట్టె వైపు చూడను కూడా చూడలేదు, ట్యాగు తిప్పి నా సంతకం చూపించాడు. "మీరే ఒప్పుకున్నారు కదా." ముప్పావు గంట వాదించాను, నా హిందీ ఆయనకి అర్థం కాలేదు, ఆయన ఇంగ్లిష్ నాకు నచ్చలేదు. బావమరిది అట్టపెట్టె ఒక మూల చిరిగింది, లోపల ఏమీ కాలేదు. పడిపోయే చిన్న సామానంతా ఫ్రేమ్‌కి కట్టేశాడు కాబట్టి ఒక్క మర కూడా పోలేదు.

బస్సు డిక్కీలో పెట్టడానికి క్లీనర్‌కి చెరో 500. తెల్లారేసరికి మనాలి.

ఇప్పుడు లాడ్జి. ఫొటోల్లో బాల్కనీ, కొండలు, ఆపిల్ చెట్లు. గదికి 1,400. మూడో అంతస్తు అని ఎక్కడా రాయలేదు, లిఫ్ట్ లేదని అసలే రాయలేదు. పాతిక కిలోల పెట్టె, ఒక చక్రం లేదు, ఇద్దరం మెట్ల మీద ఈడ్చుకుంటూ ఎక్కాం. సాయంత్రం ఓనరు పైకి వచ్చి, గదిలో ఇద్దరికే బుకింగ్ ఉంది, ఈ పెట్టె మనిషంత జాగా ఆక్రమించింది, కాబట్టి ఎక్స్‌ట్రా బెడ్ అన్నాడు. నేను జోక్ అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. కింద రిసెప్షన్‌లో పెడతానంటే అక్కడ పెట్టడానికి కూడా అదే రేటట. బావమరిది మంచం మీద పడుకుని, "బావా, మరి పెట్టెకి టిఫిన్ కూడా ఇస్తారేమో కనుక్కో" అన్నాడు. వాడి అట్టపెట్టె అప్పటికే మడతపడి మంచం కిందకి పోయింది. వేణ్ణీళ్లు బకెట్‌కి 50, గీజరు "రిపేరు". రెండో రోజు పొద్దున పరోటా మాడింది, చెప్తే ఇంకొకటి మాడ్చి తెచ్చాడు.

అసలు కష్టం అది కాదు. మేం మళ్లీ మనాలికి రావడం లేదు. లేహ్ నుంచి ఎగిరిపోతున్నాం. అంటే బీరువా అంత పెట్టెని ముందే లేహ్ చేర్చాలి. ఇంట్లో కూర్చుని సైకిల్‌కి దెబ్బ తగలకుండా ఏం చెయ్యాలో నెల రోజులు ఆలోచించాను గానీ, సైకిల్ బయటికి తీశాక ఖాళీ పెట్టె ఎక్కడుంటుందో ఒక్క నిమిషం ఆలోచించలేదు. చివరికి లేహ్ వెళ్లే టెంపో డ్రైవర్ని పట్టుకుని 2,000 ఇచ్చి, టాపు మీద తాళ్లతో కట్టించి, మేం దిగబోయే గెస్ట్‌హౌస్ అడ్రస్ రాసిచ్చాను. చేరుతుందో లేదో అని దారి పొడవునా టెన్షన్.

ఇంకోటి. మనాలిలో సైకిల్ బిగించి చూస్తే గొలుసు వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీద పడగానే డిరెయిలర్ స్పోకులకి తగులుతోంది. గన్నవరంలో నేను కుక్కిన వెనక చక్రం దాని మీదే కూర్చుందన్నమాట. డిరెయిలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ అనే అల్యూమినియం ముక్క లోపలికి వంగింది. ఫ్రేమ్ పాడవకుండా ముందు అదే వంగేలా మెత్తగా చేస్తారు. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం, ఒకదానిది ఇంకోదానికి సరిపోదు. నా దగ్గర స్పేర్ లేదు.

మాల్ రోడ్డు కింద సందులో ఒక చిన్న సైకిల్ రిపేరు కొట్టు. పిల్లాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. డిరెయిలర్ ఊడదీసి, మూలన ఉన్న పాత సైకిల్ వెనక చక్రం తెచ్చి, దాని యాక్సిల్ కొసని ఆ హ్యాంగర్ బొక్కలోకే తిప్పి బిగించాడు. రెండింటి మరా ఒకటేనట, పది మిల్లీమీటర్లు. ఇప్పుడు నా చక్రం పక్కనే ఇంకో చక్రం వేలాడుతోంది. రెండు రిమ్ముల మధ్య సందు పైనా కిందా, ముందూ వెనకా ఒకేలా వచ్చేదాకా ఆ రెండో చక్రాన్ని మెల్లగా వంచాడు. ఇరవై నిమిషాలు. 150 అడిగాడు, 300 ఇచ్చాను, 150 వెనక్కి ఇచ్చేశాడు. మొత్తం ప్రయాణంలో నా మనసు నిండిన డబ్బు అదొక్కటే. లేహ్ దాకా గేరు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

రోహతాంగ్ మీదుగా పదకొండు రోజులు తొక్కాం. బారాలాచా, లాచులుంగ్ కనుమలు, చివర 5,328 మీటర్ల తంగ్‌లంగ్ లా (లా అంటే కనుమే). బాగా జరిగింది.

లేహ్‌లో గెస్ట్‌హౌస్ ఆమె, అక్కడ అందరూ ఆమా-లే (అమ్మగారు) అంటారు, మేమూ అలాగే పిలిచాం, నా పెట్టెని డాబా మీద టార్పాలిన్ కప్పి పెట్టింది. చార్జి ఎంతంటే అర్థం కానట్టు చూసింది. మనాలి ఓనరు సంగతి చెప్తే వంటింట్లోకి వెళ్లి వాళ్ల అమ్మాయికి చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రాత్రి వేడివేడి థుక్పా (నూడుల్స్ సూపు) పెట్టింది. బావమరిది సంచి అడుగు నుంచి ఇంటి కందిపొడి తీసి అందులో కలుపుకున్నాడు. నాకు సిగ్గేసింది. ఆమా-లే వేలితో కాస్త తీసుకుని రుచి చూసి, ఆ పొట్లం ఇక్కడే వదిలి వెళ్లమంది. గదికి 1,000, రాత్రి భోజనం 200. లేహ్ వెళ్తే పెద్ద హోటళ్లు వద్దు, ఇలాంటి ఇళ్లు వెతుక్కోండి.

బావమరిది బజారులో ఒక సైకిల్ షాపులో 300కి మళ్లీ అట్టపెట్టె సంపాదించాడు. దానికే మధ్యాహ్నమంతా పట్టింది, మూడు షాపుల్లో లేదన్నారు. వన్‌వే ప్రయాణానికి అట్టపెట్టెతో ఉన్న కష్టం ఇదొక్కటే, ఒక రోజు ముందే వెతకాలి. తిరుగు ప్రయాణంలో వాడిది 17 కిలోలు, ఎక్స్‌ట్రా 1,200. నాది ఎండు ఆప్రికాట్లతో కలిపి 25.3, పదకొండు కిలోలకి 600 చొప్పున 6,600. పైగా లేహ్ రన్‌వే 3,256 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పలచన, నిండు బరువుతో విమానం లేవడం కష్టం. అందుకని కొంత సామాను దింపేశారు. ఏది దింపి ఉంటారో మీరే చెప్పండి. నా పెట్టె మర్నాడు గన్నవరం వచ్చింది. మళ్లీ ట్రాలీ ఆటో, మళ్లీ 700.

పెట్టె ఖరీదు, ఇద్దరం కలిసి వెళ్లిన మొదటి ట్రాలీ ఆటో పక్కన పెట్టినా దాన్ని తిప్పడానికే నాకు 16,300 అయింది. బావమరిదికి అట్టపెట్టెలు, ఫోమ్, బస్సు, లగేజీ అన్నీ కలిపి 2,520.

గట్టి పెట్టె దండగ అనను. ఒకే ఊళ్లో దిగి, రేసు చేసి, అదే హోటల్ నుంచి వెనక్కి వచ్చే వాళ్లకి, కార్బన్ ఫ్రేమ్ ఉన్న వాళ్లకి బాగుంటుంది. తరచూ తిరిగే వాళ్లకి స్పాంజి బ్యాగు మేలు, ఖాళీ అయ్యాక మడిచి పార్శిల్ చేసుకోవచ్చు. కానీ అందులో కూడా డిరెయిలర్ ఊడదీయాల్సిందే. ఒక ఊళ్లో దిగి ఇంకో ఊళ్లో ఎక్కే వాళ్లకి అట్టపెట్టెని మించింది లేదు. ఏది తీసుకున్నా స్పేర్ హ్యాంగర్ ఒకటి జేబులో ఉండాలి, యాభై గ్రాములు కూడా ఉండదు. అలెన్ కీలు, పానాలు చేతి సంచిలో పెట్టకండి, తీసేసుకుంటారు. మీరెక్కేది ఏటీఆర్ లాంటి చిన్న విమానమైతే పెట్టె కొలతలు చెప్పి ముందే ఫోన్ చెయ్యండి. టికెట్ కొన్నాక కాదు, కొనక ముందు.

పెట్టె అమ్మేద్దామని మొన్న బయటికి తీస్తే ఖాళీ పెట్టె కన్నా చాలా బరువుగా ఉంది. మా ఆవిడ కొండపల్లి బొమ్మలన్నీ అందులో సర్దేసింది, లోపల స్పాంజి ఉంది కదా ఏనుగు అంబారీ విరగదని. ఎవరికైనా కావాలంటే 12,000కి ఇస్తాను, కానీ సంక్రాంతి బొమ్మల కొలువు దాకా ఆగాలి.