ఫీనోబార్బిటోన్ 60 మి.గ్రా. మాత్ర: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత, 5కి 4

మా తమ్ముడికి ఇంటర్ రెండో ఏడాదిలో ఫిట్స్ మొదలయ్యాయి. న్యూరో డాక్టర్ గారు ఈ మాత్ర రాశారు, రాత్రి పడుకునే ముందు ఒకటి. మెడికల్ షాపులో గార్డినాల్ అంటే వెంటనే అర్థమవుతుంది. ఇది ఈనాటి మందు కాదు, 1912లో జర్మనీలో లూమినాల్ పేరుతో వచ్చింది, అదే ఏడాది హాప్ట్‌మన్ అనే డాక్టర్ మూర్ఛ రోగులకి మత్తు కోసమని ఇస్తే వాళ్లకి ఫిట్స్ తగ్గడం గమనించాడు. వందేళ్ల నాటి మందు, పైగా ధర చూస్తే ఇంత చవక, ఇది పనిచేస్తుందా అని నాన్న మొహం చిట్లించారు. పనిచేసింది. నెలకి రెండు మూడుసార్లు వచ్చేవి ఆగిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఇది ఇప్పటికీ ఉందని తర్వాత తెలిసింది.

మొదటి నెల మాత్రం నరకమే. పుస్తకం ముందు కూర్చుని తూగేవాడు, అన్నం తింటూ తూగేవాడు, ఒకటి అడిగితే కాసేపటికి ఇంకోటి చెప్పేవాడు. ఈ మందు ఒంట్లోంచి సగం పోవడానికే మూడు నాలుగు రోజులు పడుతుందట, అందుకే రోజూ కొంచెం కొంచెం పేరుకుంటూ ఒక స్థాయికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుందన్నారు డాక్టర్ గారు. బండి తాళాలు అమ్మ బియ్యం డబ్బాలో దాచింది. తర్వాత మగత చాలావరకు తగ్గింది. చిన్నపిల్లల్లో అయితే దీనికి రివర్స్‌లో, నిద్ర బదులు విపరీతమైన అల్లరి, చిరాకు రావచ్చట. ఇంకొకటి, మొదటి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు గానీ నోట్లో పుండ్లు గానీ వస్తే ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. నాలుగో ఏడాది మా అత్త కూతురి పెళ్లికి రాజమండ్రి బయల్దేరుతుంటే మాత్రలు అయిపోయాయి, షాపులో స్టాకు లేదు, రెండ్రోజుల్లో వస్తుందన్నారు, సరే అక్కడ కొందాంలే అనుకుని ఆ సందడిలో అందరం మర్చిపోయాం. మొదటిరోజు ఏం కాలేదు. రెండోరోజూ ఏం కాలేదు, పైగా మత్తు లేక వాడు హుషారుగా డాన్సు కూడా చేశాడు. "ఇంక తగ్గిపోయిందేమోరా, ఇన్నాళ్లూ అనవసరంగా మింగిస్తున్నామేమో" అంది అమ్మ. ఆరో రోజు పొద్దున బాత్రూంలో పడ్డాడు, ఒకటి ఆగి సరిగ్గా తెలివి రాకముందే రెండోది. ఒకాయన చేతిలో తాళాలు పెట్టాడు, ఒకావిడ ఉల్లిపాయ పట్టుకొచ్చింది. వీటివల్ల ఏమీ ఉండదు, పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. మేం చేశాం.

మందు మెల్లగా పోతుంది కాబట్టి మానేసిన మర్నాడే ఏం జరగదు, అదే మనల్ని మోసం చేస్తుంది. అలవాటైన ఒంట్లోంచి ఇది ఒక్కసారిగా పోతే ఫిట్స్ ముందుకంటే గట్టిగా, ఆగకుండా రావచ్చు. నిజంగా మానాల్సి వచ్చినా డాక్టరే నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తారు. ఒకరోజు మర్చిపోయామని మర్నాడు రెండు వేయకూడదు.

మందు వాడినన్నాళ్లూ తాగుడు ముట్టకూడదు. నిద్రమాత్రలు, మత్తెక్కించే దగ్గు మందులు కూడా డాక్టర్‌ని అడగకుండా వద్దు, అన్నీ కలిస్తే ఊపిరే మందగిస్తుంది. వేరే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఇది వాడుతున్నామని ముందే చెప్పాలి, ఎందుకంటే ఇది లివర్‌ని పరుగులు పెట్టించి రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటి మందుల బలం తగ్గిస్తుంది, ఫిట్స్‌కే ఇచ్చే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ కలిస్తే దీని మోతాదే రక్తంలో పెరిగిపోతుంది. ఆడవాళ్లు గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడి ఉంటే అవి పనిచేయకపోవచ్చు. ఈ మందు వల్ల కడుపులో బిడ్డకి లోపాలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి పిల్లల కోసం అనుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడండి, నెల తప్పాక భయపడి సొంతంగా మానేయొద్దు. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బలహీనపడతాయని మావాడికి విటమిన్ డి కూడా రాశారు.

ఇంకోసారి షాపు కుర్రాడు 60 బదులు 30 షీటు ఇచ్చాడు. ఇంటికొచ్చాక అమ్మే కనిపెట్టింది, చదువుకున్న నేను చూడలేదు. అప్పట్నుంచి షీటు మీద అంకె చదివాకే డబ్బులిస్తున్నాం. పదిహేను మాత్రలు మిగలగానే కొత్తవి తెస్తాం, చీటీ ఫొటో ముగ్గురి ఫోన్లలో ఉంది, డబ్బా మా పిల్లలకి అందకుండా బీరువాలో.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, సగం ఆ మొదటి నెల మత్తుకి, సగం స్టాకుకి. ఈ మాత్ర కోసం మా ఊళ్లో మూడు షాపులు తిరగాల్సి వస్తోంది. ఎందుకు తెప్పించరని అడిగితే ఒకాయన ఉన్నమాట చెప్పాడు, "దీంట్లో మాకు ఏం మిగుల్తుందండీ".