కృష్ణానగర్ సెల్ఫ్ టేప్ గది: ఎదుటి డైలాగు చెప్పే అమ్మాయికే నా మార్కులు

హైదరాబాద్ యూసఫ్‌గూడ మెట్రో స్టేషన్‌లో దిగి కృష్ణానగర్ సందుల్లోకి నడిస్తే, ఒక టైలర్ షాపు పైన మూడో అంతస్తులో ఉంటుంది ఈ సెల్ఫ్ టేప్ గది, అంటే ఆడిషన్‌కి మనం పంపాల్సిన వీడియో తీసిచ్చే చోటు. బోర్డు లేదు. ఆర్టిస్టులు ఒకరి దగ్గర ఒకరు నంబరు తీసుకుని వస్తుంటారు. నాకు సీరియల్లో తోడికోడలి పాత్ర వేసిన అమ్మాయి ఇచ్చింది. అరగంటకు 500, గంటకు 900 రూపాయలు. ఎడిటింగ్ అందులోనే. నాలాగా అమ్మ, అత్త, వదిన పాత్రలు వేసేవాళ్ళకీ, కొత్తగా వచ్చిన పిల్లలకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఇదివరకు ఆడిషన్ అంటే ఆఫీసుకి వెళ్ళి, ఫొటోలిచ్చి, పిలిచేదాకా కూర్చోవడం. కరోనా తర్వాత చాలామంది ముందు వీడియో పంపమంటున్నారు. వాట్సాప్‌లో పాత్ర గురించి నాలుగు లైన్లు, ఒక పేజీ సీను వస్తాయి. రేపు సాయంత్రానికల్లా కావాలంటారు. పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పి, ముఖం కుడివైపు ఎడమవైపు తిప్పి చూపించి, ఆ తర్వాత సీను చెయ్యాలి. ఇంట్లో ఫోనుతో తీసుకున్నా సరిపోతుంది, తప్పేం లేదు. కాకపోతే మా ఇల్లు మెయిన్ రోడ్డు మీదుంది. హారన్ల మధ్య మెల్లగా చెప్పాల్సిన డైలాగు ఎలా చెప్పను? పైగా ఎదుటి డైలాగు చెప్పడానికి ఇంట్లో ఎవరో ఒకరు దొరకాలి. దొరికినా వాళ్ళు వార్తలు చదివినట్టు చదివేస్తారు.

గదిలో హంగులేమీ లేవు. వెనక బూడిదరంగు గుడ్డ, రెండు సాఫ్ట్ లైట్లు, నేల మీద నిలబడాల్సిన చోట టేపు గుర్తు. నడిపే అతను కెమెరా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుగా పనిచేసిన మనిషి. ఛాతీ పైనుంచి ఫ్రేము పెట్టి, పేరూ వివరాలూ లెన్స్‌లోకి చూసి చెప్పమంటాడు. సీను దగ్గరికొచ్చేసరికి చూపు లెన్స్ పక్కకి జరపమంటాడు, మరీ దూరంగా కాదు, రెండు కళ్ళూ కెమెరాకి కనిపించేంత దగ్గరగా. ఫ్రేము కుదిరాక ఇక నోరు మెదపడు. ఆర్టిస్టుకి అదెంత మేలో షూటింగుల్లో తిరిగినవాళ్ళకి తెలుస్తుంది.

అయితే నేను డబ్బిచ్చేది కెమెరాకి కాదు. లెన్స్ పక్కన స్టూలు మీద కూర్చుని ఎదుటి డైలాగు చెప్పే అమ్మాయికి. తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివింది. వరంగల్ పిల్ల. మొదటిసారి నేను తీసుకెళ్ళిన సీనులో, కొడుకు తనకి చెప్పకుండా పొలం కాగితాలు తాకట్టు పెట్టాడని తల్లి నిలదీస్తుంది. నేను దారంతా డైలాగు నెమరువేసుకుంటూ, ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఏడుపు తేవాలో అన్నీ కట్టుకుని వెళ్ళాను. ఆ అమ్మాయి పేజీ ఒకసారి చదువుకుని, "అమ్మా, ఈ సంగతి మీకు ముందే తెలిసి అడుగుతున్నారా, ఇప్పుడే తెలిసిందా?" అంది. పేజీలో ఆ సంగతి లేదు. ముందే తెలుసు అనుకుని చేద్దామన్నాను. దాంతో సీనంతా మారిపోయింది. ముందే తెలిసిన తల్లి అరవదు కదా, కొడుకు నోటితోనే చెప్తాడేమోనని చూస్తుంది. కొడుకు డైలాగు చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, తల వంచుకుని, మెల్లగా చెప్పింది. నేను దాచిపెట్టుకున్న ఏడుపు అవసరమే పడలేదు.

నేను పరిషత్తు నాటకాల్లోంచి వచ్చినదాన్ని. తెనాలిలో పుట్టి, ఊరూరా పోటీ నాటకాలాడాను. అక్కడ ఆఖరి వరసలో కూర్చున్న ముసలాయనకి కూడా మాట వినపడాలి, చెయ్యి కనపడాలి. ఆ చదువు ఎంత గొప్పదో నేను వేరే చెప్పక్కర్లేదు. కానీ మూడడుగుల దూరంలో కెమెరా ఉన్నప్పుడు ఆ కొలత పనికిరాదు. తగ్గించమని అందరూ అంటారు. ఎలా తగ్గించాలో చెప్పేవాళ్ళు తక్కువ. ఎదుట మనిషి నిజంగా మాట్లాడితే, మనం తగ్గించాలని తల్చుకోకుండానే గొంతు ఆ మనిషికి సరిపడేంతకి వస్తుంది. ఆ అమ్మాయి ఎదుట కూర్చుంటే నాకు అదే జరుగుతోంది. తను నటించి మన మీదికి రాదు, గొంతు మనకన్నా ఒక మెట్టు కిందే ఉంచుతుంది, కళ్ళు పేజీలోంచి పైకెత్తి చూస్తుంది. తెలంగాణ పల్లె తల్లి పాత్ర వచ్చినప్పుడు నా గుంటూరు పలుకు ఎక్కడెక్కడ బయటపడుతోందో పెన్సిల్‌తో పేజీ మీద గీతలు పెట్టిచ్చింది. దానికి వేరే డబ్బు తీసుకోలేదు.

శబ్దం విషయంలో మాత్రం నాకు ఫిర్యాదుంది. ఏసీ పాతది, గుర్రుమంటుంది. కాలర్ మైకులో ఆ చప్పుడు పడుతుంది. టేకు ముందు ఆపమని మనమే అడగాలి. ఆపితే ఏప్రిల్, మే నెలల్లో ఆ లైట్ల కింద మేకప్ నిలవదు. చిన్న విషయమని వదిలెయ్యలేను. ఇప్పుడు సీరియళ్ళలో హీరోయిన్లు చాలామంది కన్నడం వైపు నుంచి వస్తున్నారు, వాళ్ళకి డబ్బింగ్ చెప్పిస్తారు. సొంత గొంతుతో శుభ్రంగా తెలుగు చెప్పగలిగినవాళ్ళకి ఆ గొంతే పెట్టుబడి. తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య గారు ఆకాశవాణిలో వార్తలు చదివి, సినిమాల్లో తన పాత్రలు వేస్తూనే శివాజీ గణేశన్‌కి తెలుగు గొంతు కూడా ఇచ్చారు. మా నాన్న ఆయన పేరు చెప్పి మాచేత 'శ, ష, స' పలికించేవాడు. అలాంటి పలుకు నేర్చుకుని వచ్చినదాని గొంతు వెనక ఏసీ చప్పుడు వినిపిస్తే ఎంత బాధ! వాళ్ళకి రెండుసార్లు చెప్పాను, మారుస్తామన్నారు, ఇంకా మార్చలేదు.

ఇదే గదిలో సాదా ఫొటోలు కూడా తీస్తారు, 1,500 రూపాయలకి. ముఖం ఎదురుగా, రెండు పక్కలు, నిలువెత్తు, ఒకటి నవ్వుతూ, ఒకటి నవ్వకుండా. కాటన్ చీర, పలచటి మేకప్. వీటిని మెచ్చుకోవడానికి కారణముంది. అంతకుముందు ఒక పెద్ద స్టూడియోలో పోర్ట్‌ఫోలియో తీయించుకుంటే 18,000 పుచ్చుకుని, నుదుటి గీతలూ కళ్ళకింద చారలూ అన్నీ తుడిచేసి ఆల్బమ్ చేతికిచ్చారు. ఆ ఫొటోలు చూసి లుక్ టెస్టుకి పిలిచిన అసిస్టెంట్ డైరెక్టరు నన్ను చూసి, ఫొటో చూసి, "మేడమ్, ఇవి ఎప్పటివి?" అన్నాడు. అప్పటికి నెల కూడా కాలేదు. యాభై ఏళ్ళ తల్లి కావాలని వెతుకుతున్నవాళ్ళకి ఆ గీతలే కదా కావాల్సింది! ఇక్కడ గీత ఒక్కటి కూడా చెరపరు. జుట్టుకి రంగు వెయ్యడం మానేశాక మళ్ళీ వెళ్ళి కొత్తగా తీయించుకున్నాను. అప్పట్నుంచి బామ్మ, పెద్దత్త పాత్రలకి కూడా అడుగుతున్నారు.

పంపించే విషయంలో వీళ్ళ జాగ్రత్త నాకు నచ్చింది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపుతారు, లేదా డ్రైవ్‌లో పెట్టి లింకు ఇస్తారు. లింకు ఎవరు నొక్కినా తెరుచుకుంటుందో లేదో వేరే ఫోనులో చూసిగానీ వదలరు. ఆఫీసులో పనిచేసే కుర్రాడు పర్మిషన్ అడుగుతూ కూర్చోడు, పక్క వీడియోకి వెళ్ళిపోతాడు. ఫైలు మీద మన పేరు, పాత్ర పేరు రాసి ఉంటాయి. అన్ని టేకులూ మనకిచ్చి, రెండు మాత్రం పంపమంటారు, ఒకదానికొకటి తేడా ఉండేలా.

గోడ మీద ఒక కాగితం అంటించారు: ఇక్కడ అవకాశాలు ఇప్పించబడవు. ఈ ఏరియాలో ఆ కాగితానికి చాలా విలువుంది. పని ఇప్పించాక కమీషన్ తీసుకునే కో-ఆర్డినేటర్లు వేరు. ఆడిషన్‌కి ఇంత, రిజిస్ట్రేషన్‌కి ఇంత అని ముందే వసూలుచేసేవాళ్ళు వేరు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఈ తేడా తెలియక హాస్టల్ ఫీజు డబ్బులు పోగొట్టుకోవడం చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆడిషన్‌కి ఎవరికీ పైసా ఇవ్వకండి తల్లీ. వీడియో తీసినందుకు కూలి తీసుకునే చోట కూలే తీసుకోవాలి, ఇంకే మాటా చెప్పకూడదు. వీళ్ళు చెప్పరు.

సీరియల్లో మన పాత్ర కథ (ట్రాక్) అయిపోయాక ఫోను మోగడం ఆగిపోతుంది. ఆ నెలల్లో కూడా నేను ఇక్కడికి వెళ్తాను. ఎవరూ అడగకపోయినా సొంతంగా రాసుకున్న నిమిషం సీను ఒకటి తీయించుకుని, తెలిసిన మేనేజర్లకీ డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ పిల్లలకీ పంపుతాను. ఖాళీగా ఉన్నానని నోటితో చెప్పడం కంటే ఇప్పుడు ఎలా ఉన్నానో చూపించడం మర్యాదగా అనిపిస్తుంది. అలా పంపిన వీడియోతోనే మొన్న ఒక వెబ్ సిరీస్‌లో హాస్టల్ వార్డెన్ వేషం వచ్చింది.

ఇక ఇబ్బందులు. లిఫ్టు లేదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్ద ఆర్టిస్టులకి ఆ మెట్లు కష్టం. చీర మార్చుకోవడానికి కర్టెన్ అడ్డం తప్ప వేరే గది లేదు, అద్దం చిన్నది. ఆడవాళ్ళు ఎక్కువగా వస్తున్నారు కాబట్టి గొళ్ళెం ఉన్న తలుపు ఒకటి పెట్టించి తీరాలి. ఆదివారం అస్సలు వెళ్ళకండి, మెట్ల మీద కూడా నిలబడి ఉంటారు. ఆ అమ్మాయికి నాటకం రిహార్సల్స్ ఉన్నప్పుడు వేరే అబ్బాయి డైలాగులు చెప్తాడు. మంచివాడే, కానీ తనే హీరో అయినట్టు వేగంగా చెప్పేస్తాడు, మనం వినేలోపే మన వంతు వచ్చేస్తుంది. అందుకే బుక్ చేసేటప్పుడు ఆ రోజు ఎదుటి డైలాగు చెప్పేది ఎవరో అడిగి, ఆ అమ్మాయి ఉండే సాయంత్రం స్లాటే తీసుకోండి. డాన్సు, ఫైట్ల రీలు కావాలంటే ఆ గది చాలదు, అంత జాగా లేదు. సీను పేజీ రెండు కాపీలు ప్రింటు తీసుకెళ్ళండి, అక్కడ ప్రింటర్ లేదు.