ఓటా, ప్రచారమా, దీక్షా శిబిరమా?

విశాఖ ఉక్కు ప్లాంటు మాట ఎత్తితే మా గాజువాకలో ఎవరైనా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. ఓటేస్తే పని జరుగుతుందా, పార్టీ జెండా పట్టుకుని తిరిగితేనా, రోడ్డు మీద కూర్చుంటేనా? మూడూ చేశాను. నా లెక్కలో శిబిరానిదే ముందు చోటు.

ఓటుకు ఒక పూట చాలు, కూలీకీ ఆఫీసర్‌కీ ఒకటే విలువ. కానీ దానికి సమయం రావాలి. ప్లాంటులో వాటా నూటికి నూరు శాతం అమ్మాలని 2021 జనవరి 27న కేంద్రం నిర్ణయించేనాటికి లోక్‌సభ ఎన్నికలు ఇంకా మూడేళ్ల దూరంలో ఉన్నాయి. మా నగర కార్పొరేషన్ జీవీఎంసీ ఓటైతే మరీ అన్యాయం: 2007లో వేశాక మళ్లీ 2021లోనే.

2024 ఎన్నికల్లో పార్టీ ప్రచారానికి ఇంటింటికీ తిరిగాను. ఒక పెద్దావిడ కరపత్రం తిరగేసి చూసి, "ఉక్కు సంగతి సరే బాబూ, మా కాలవ సంగతేటి?" అంది. జవాబు చెప్పలేకపోయాను. ప్రచారానికి వెళ్తే ఇలాంటివి వింటాం, అది మేలే. కానీ పార్టీ గీత దాటి మాట్లాడలేం, నచ్చనివాటినీ వెనకేసుకు రావాలి.

అసలు ఈ ప్లాంటు వచ్చిందే పోరాటంతో. 1966లో టి. అమృతరావు గారు ఉక్కు ప్లాంటు కావాలని విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. శంకుస్థాపన 1971లో. 2021 ఫిబ్రవరిలో కూర్మన్నపాలెంలో మొదలైన రిలే దీక్షలు వెయ్యి రోజులు దాటాయి. సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగినవాళ్లు నిద్రకళ్లతోనే వచ్చి కుర్చీల్లో కూర్చునేవారు. పొద్దున్నే బోర్డు మీద నిన్నటి అంకె చెరిపి ఇవాళ్టిది రాసేవాళ్లం. రోజులు గడిచేకొద్దీ బస్సుల్లో వెళ్లేవాళ్లు తల తిప్పి చూడటం కూడా తగ్గింది, ఆ బాధ చెప్పలేనిది.

అయినా ఆ అంకె ఆగలేదు కాబట్టే 2024లో ఓటడిగిన ప్రతివాళ్లూ ఉక్కు గురించి మాట్లాడక తప్పలేదు. గాజువాక అసెంబ్లీ సీటులో గెలిచిన అభ్యర్థి మెజారిటీ 95 వేలు దాటింది, రాష్ట్రంలోకెల్లా అదే పెద్దది. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకు 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఓటు బలం లేకుండా అది వచ్చేది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఓటుకు పదును పెట్టింది శిబిరమే.

శిబిరంలో నా పక్కన ఒక నిర్వాసితుడు కూర్చునేవాడు. ప్లాంటుకు భూమి ఇచ్చిన కుటుంబం. ఉద్యోగం వస్తుందని ఇచ్చిన ఆర్ కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. ఏ ఎన్నికలోనూ ఓటు మానలేదని చెప్పాడు. కార్డు మాత్రం ఇంకా జేబులోనే ఉంది.