డీఎన్‌డీకి ఉన్న దొడ్డిదారి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాల్స్, నోటిఫికేషన్లు మోగకుండా ఆపే డూ నాట్ డిస్టర్బ్ (డీఎన్‌డీ) అందరికీ తెలిసిందే, ఆ జోలికి పోను. ఏళ్ల తరబడి వాడాక నా ఫిర్యాదల్లా ఒక్క స్విచ్ మీదే: రిపీట్ కాలర్స్.

ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి ఫోన్ వస్తే డీఎన్‌డీ ఆపదు, మోగనిస్తుంది. అర్జెంటు ఉన్నవాళ్లే మళ్లీ చేస్తారని దీని లెక్క. కానీ ఎత్తకపోతే చాలు, ఊపిరి పీల్చుకునే లోపే మళ్లీ నొక్కేవాళ్లు బోలెడుమంది. అవతలివాళ్లకి రింగు మామూలుగానే వినపడుతుంది, మనం డీఎన్‌డీలో ఉన్నామని వాళ్లకెలా తెలుస్తుంది? పైగా మొదటి కాల్ చప్పుడు లేకుండా పోతుంది కాబట్టి, రెండోది మోగగానే డీఎన్‌డీ పాడైందేమో అనిపిస్తుంది. కాల్ లాగ్ తెరిస్తే అసలు సంగతి తేలుతుంది: మోగిన కాల్ కిందే, అదే నంబరు నుంచి మిస్డ్ కాల్. ఐఫోన్‌లో ఈ గడువు 3 నిమిషాలే. అక్కడా వెంటనే రీడయల్ చేసేవాళ్లు దూరిపోతారు, కాసేపాగి చేసేవాళ్లు మాత్రం ఆగిపోతారు.

అలాగని ఆ స్విచ్ ఎప్పటికీ ఆపేయడం కూడా మంచిది కాదు. నిజంగా అవసరం పడ్డప్పుడు ఫోన్ కొత్త నంబరు నుంచే రావచ్చు. అందుకే డీఎన్‌డీ దానంతటదే ఆన్ అయ్యేలా రెండు షెడ్యూళ్లు పెట్టుకోవాలి. పని వేళలకి కస్టమ్ సెట్టింగ్స్‌తో ఒకటి: స్టార్ పెట్టిన కాంటాక్ట్స్‌కే అనుమతి, రిపీట్ కాలర్స్ ఆఫ్. రాత్రికి ఇంకొకటి, అందులో ఆన్. స్టార్లు నాలుగైదుకి మించకూడదు, మొహమాటానికి పోతే మళ్లీ మొదటికే వస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. డీఎన్‌డీని చేత్తో ఆన్ చేస్తే షెడ్యూల్‌లో పెట్టుకున్నవి కాదు, డిఫాల్ట్ సెట్టింగ్సే వర్తిస్తాయి. అందులో రిపీట్ కాలర్స్ చాలా ఫోన్లలో ముందే ఆన్ అయి ఉంటుంది. కొత్త వెర్షన్లలో ఇదంతా మోడ్స్ అనే పేరు కిందకి చేరింది.

నాకు నచ్చింది క్యాలెండర్ షెడ్యూల్. పనికి కేటాయించిన గంటని క్యాలెండర్‌లో ఈవెంట్‌గా రాసుకుంటే, మొదలవగానే డీఎన్‌డీ దానంతటదే ఆన్ అవుతుంది, అవగానే పోతుంది. తీయడం మర్చిపోయి సాయంత్రం దాకా కాల్స్ పోగొట్టుకునే బాధ లేదు. ఇంతా చేసి ఈవెంట్ 'బిజీ'గా ఉంటేనే ఇది పనిచేస్తుంది, 'ఫ్రీ' అని ఉంటే కదలదు. రోజంతా ఉండే ఈవెంట్‌కి బిజీ పెట్టారో, ఫోన్ రోజంతా మూగదే.

వాట్సాప్ కాల్స్ సంగతి వేరు. స్టార్ పెట్టినవాళ్లు వాట్సాప్‌లో చేస్తే తప్పకుండా మోగుతుందన్న నమ్మకం లేదు. యాప్ మొత్తానికి అనుమతిస్తే గ్రూపుల గోల కూడా లోపలికొచ్చేస్తుంది. డీఎన్‌డీ సెట్టింగ్స్‌లోని యాప్స్ విభాగంలో ఏయే రకం నోటిఫికేషన్లు రావచ్చో విడిగా ఎంచుకునే చోటుంటే, కాల్స్ వరకే టిక్ పెట్టండి.

ఆన్‌కాల్ డ్యూటీ ఉన్నవాళ్లకీ, ఇంట్లో పెద్దవాళ్ల బాధ్యత ఉన్నవాళ్లకీ నేను చెప్పిన పగటి సెట్టింగ్ నప్పకపోవచ్చు. వాళ్లు రిపీట్ కాలర్స్ ఆన్‌లోనే ఉంచుకోవడం మేలు. గంటా రెండు గంటలు కదలకుండా కూర్చుని రాసుకునే, కోడ్ చేసుకునే పనైతే ఆపేయండి. ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే దాని నోటిఫికేషన్లు కూడా అక్కడే విడిగా ఆపాలి, ఫోన్ డీఎన్‌డీ దాని జోలికి వెళ్లదు.