ఆ రెండు పాటల మధ్య అతుకు

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ లైవ్ రికార్డింగులు వినబట్టి పదకొండేళ్లు అయింది. బ్యాండ్ పరిచయం, ఆల్బమ్‌ల జాబితా వదిలేస్తున్నా, అవి అందరికీ తెలిసినవే. ఇన్నాళ్లుగా నన్ను కట్టిపడేసింది ఒక్కటే: ఒక పాట నడుస్తుండగానే వీళ్లు ఇంకో పాటలోకి వెళ్లిపోయే తీరు.

1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీలోని బార్టన్ హాల్. ఆ రాత్రి ‘స్కార్లెట్ బెగోనియాస్’ ఆగకుండానే ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’ అవుతుంది. రెండూ కలిపి 25 నిమిషాల పైమాటే. మొదట్లో నా దగ్గర ఉన్నది ఎంపీ3 కాపీ. సరిగ్గా పాట మారే చోట టక్కున చిన్న ఖాళీ వచ్చేది, అర సెకను కూడా ఉండదు. అక్కడ టేపు తిప్పి ఉంటారనుకున్నా. రెండేళ్లు అలాగే విన్నా.

తర్వాత ఒక రాత్రి అదే షోను నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లలో, ట్రాకుల మధ్య ఖాళీ వదలని ప్లేయర్‌లో పెట్టా. ఆ చోటు దగ్గరపడగానే అలవాటుగా ఊపిరి బిగబట్టా. ఖాళీ రాలేదు. పైన గార్సియా గిటార్ ఇంకా పాత పాటలోనే తిరుగుతోంది, కింద ఫిల్ లెష్ బేస్ మాత్రం అప్పటికే కొత్త పాట నడకలో పడింది. డ్రమ్మర్లిద్దరూ తొందరపెట్టడం లేదు. ఏ క్షణంలో దాటారో పట్టుకుందామని నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నా, దొరకలేదు. తప్పు టేపుది కానే కాదు. ఎంపీ3 చేసేటప్పుడు ప్రతి ట్రాకు మొదట్లో, చివర్లో కొంచెం నిశ్శబ్దం చేరుతుంది. దాన్ని కత్తిరించి కలపడం నా పాత ప్లేయర్‌కు రాదు. రెండేళ్లపాటు ఈ షోలోని అసలు సంగతే నాకు అందలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఆ టేపు చేసిన సౌండ్ ఇంజనీర్ బెట్టీ కాంటర్-జాక్సన్‌కు ఎంత మొక్కినా తక్కువే. ఆమె టేపులు 1986లో అద్దె గోదాములోంచి వేలానికి వెళ్లాయి. ఈ షో అధికారికంగా విడుదలయ్యేసరికి 2017 అయింది, అంటే 40 ఏళ్లు.

ఒకప్పుడు ఎవరడిగినా ముందు ఇదే వినమనేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. వేదిక మీది మైకుల నుంచి నేరుగా తీసిన ఇలాంటి సౌండ్‌బోర్డ్ టేపులో వాయిద్యాలన్నీ విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తాయి గానీ హాలు వినిపించదు. జనంలో కూర్చున్న అభిమానులు మైకు పెట్టి తీసిన టేపుల్ని మొదట్లో మోత అని పక్కన పెట్టేశా. ఇప్పుడు వాటి దగ్గరికే ఎక్కువ వెళ్తున్నా. కొత్త పాటను జనం ఎక్కడ గుర్తుపట్టారో ఆ కేకల్లో తెలిసిపోతుంది. ముందు ఒక మూల నుంచి ఒకరు, ఆ వెంటనే హాలంతా. ఇలా రికార్డు చేసేవాళ్లకు 1984లో బ్యాండే హాల్లో విడిగా చోటు ఇచ్చింది. టేపులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలి తప్ప అమ్ముకోకూడదన్నది వాళ్ల కట్టుబాటు.

ఇదంతా నాకు కుదిరింది ఎందుకంటే రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక గంటన్నర ఖాళీ దొరుకుతుంది, మంచి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. బస్సులో ఇరవై నిమిషాలు వినేవాళ్లకు ఇది పట్టకపోవచ్చు. వీళ్ల చాలా షోల రెండో సగంలో వచ్చే సుదీర్ఘమైన డ్రమ్స్ భాగం నేనూ అలసిపోయిన రోజు దాటేస్తా. ఏది విన్నా ముందు ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ వదలని) సెట్టింగ్ చూసుకోండి.

ఈమధ్య కార్నెల్ కన్నా ఆ మర్నాటి షో ఎక్కువ వింటున్నా. మే 9, బఫెలో. రావడంతోనే ‘హెల్ప్ ఆన్ ద వే’, ‘స్లిప్‌నాట్’, ‘ఫ్రాంక్లిన్స్ టవర్’ మూడూ ఒకే ఊపులో వాయించేస్తారు.